పుట్టుకతో రాసిన పేరు, నోటితో చెప్పిన పేరు

మీరు బాప్టిస్టులుగా ఎందుకు ఉన్నారని మమ్మల్ని అడిగేవాళ్ళు రెండు వైపుల నుంచి వస్తారు. ఒక వైపు మన గిరిజన సంఘాల్లో తిరిగే మిత్రులు. "కొల్లాపురమ్మను వదిలి దొరలు తెచ్చిన దేవుణ్ణి ఎందుకు పట్టుకున్నారయ్యా?" అంటారు. ఇంకో వైపు మా క్రైస్తవ బంధువులే. "ప్రభువును నమ్ముకున్నారు, సంతోషం. మరి ఆ బాప్టిస్టు సంఘానికే ఎందుకు అతుక్కున్నారు? మీటింగులు, ఓట్లు, తగాదాలు. మా సంఘానికి రండి, హాయిగా పాడుకుని ఇంటికి వెళ్ళొచ్చు" అంటారు. మొదటివాళ్ళకు మా విశ్వాసం మీద అనుమానం, రెండోవాళ్ళకు మా తెలివి మీద అనుమానం. ఇద్దరికీ కలిపి ఒకసారి రాసి పెడదామని మా ఇంట్లో అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం నలుగురం కూర్చుని రాసిందే ఇది. అందుకే ఇందులో 'మేము' అనే మాట వాడాం. మాలో మాకు తేడా ఉన్నచోట అది కూడా రాశాం.

మేము ఎరుకల వాళ్ళం. నాయన వైపు దబ్బ ఎరుకలు, వెదురు చీల్చి గంపలు, చేటలు, తట్టలు అల్లినవాళ్ళు. అమ్మ వైపు ఉప్పు ఎరుకలు, గాడిదల మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగినవాళ్ళు. ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది, తర్వాత రైలు వచ్చింది. గాడిదల బేరం పోయింది. బేరం పోయిన మనిషి ఊళ్ళు తిరుగుతూ కనిపిస్తే అతనికి ఏం పేరు పెడతారో ఈ పుస్తకం చదివేవాళ్ళకు మేము చెప్పక్కర్లేదు. నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తర దేశంలో మొదలైంది. 1911లో దాన్ని తిరగరాశాక మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. కులం మొత్తాన్ని ఒక్క నోటిఫికేషన్‌తో నేరస్థులని ప్రకటించవచ్చు. వేలిముద్రలు తీసుకోవచ్చు. పూటకోసారి హాజరు పిలవవచ్చు. పాసు లేకుండా పొలిమేర దాటితే శిక్ష వేయవచ్చు. ఆరేళ్ళు నిండిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడిలో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది.

మా ముత్తాత పేరు అలాంటి ఒక సెటిల్‌మెంట్ రిజిస్టరులో ఎక్కింది. ఏ సెటిల్‌మెంటో ఇక్కడ రాయడం లేదు. మా తాత పుట్టింది అక్కడే. ఆయన ఏ తప్పూ చేయక ముందే, ఇంకా పాలు తాగే వయసులోనే, ఆయన కులం ఆయన మీద కేసు లాగా రాసి ఉంది. దేశమంతటా ఆ చట్టం రద్దయిన తేదీ 1952 ఆగస్టు 31. మద్రాసు రాష్ట్రంలో అంతకు ముందే, 1947లోనే తీసేశారు. చట్టం పోయినా మా తాతకు చీకటి పడితే ఇంటి ముందుకొచ్చి నిలబడే అలవాటు చాలాకాలం పోలేదని అవ్వ చెప్పేది. ఎవరో పేరు పిలుస్తారని కాచుకున్నట్టు నిలబడేవాడట.

ఇదంతా ఎందుకంటే, మేము బాప్టిస్టులం కావడానికి మాకు తోచిన మొదటి కారణం ఈ రిజిస్టరుతోనే ముడిపడి ఉంది. బాప్టిస్టు సంఘంలో కూడా ఒక రిజిస్టరు ఉంటుంది, సభ్యుల పుస్తకం. అందులో పుట్టగానే పేరు రాయరు. తల్లి సంఘ పెద్ద అయినా, తండ్రి కాపరి అయినా, పసిబిడ్డను తెచ్చి ప్రార్థన చేయించి దీవించి పంపుతారే తప్ప బాప్తీస్మం ఇవ్వరు. పిల్లవాడు పెరిగి, తనంతట తాను వచ్చి, "నేను నమ్ముతున్నాను" అని తన నోటితో పదిమంది ముందు చెప్పాలి. అప్పుడు నీళ్ళలోకి దిగుతాడు. ఆ తర్వాతే పుస్తకంలో పేరు ఎక్కుతుంది. పుట్టుకతో ఎవడూ క్రైస్తవుడు కాడు. మామూలుగా చూస్తే ఇది సంఘాల మధ్య ఒక పాత తగాదా. లూథరన్లు, సీఎస్ఐ వాళ్ళు, కథోలికులు శిశువులకు బాప్తీస్మం ఇస్తారు. దేవుని కృప మనిషి తెలివి కంటే ముందు నడుస్తుందని వాళ్ళు చెప్పే మాటలోనూ బలం ఉంది, మేము దాన్ని ఎగతాళి చేయం. కానీ పుట్టుకతోనే నేరస్థులని రాయించుకున్న ఇంట్లో పుట్టినవాళ్ళం. పుట్టుకను బట్టి దేవుని దగ్గర ఏదీ రాయబడదు, మంచి అయినా చెడు అయినా, అనే మాట మా చెవికి వేరేగా వినిపిస్తుంది.

ఇక్కడ మా పెద్దక్క ఒక అడ్డుప్రశ్న వేస్తుంది. ఆమె టీచరు, అడ్డుప్రశ్నలు వేయడం ఆమె వృత్తి. "అందరూ పుట్టుకతో పాపులే అని కూడా మన బోధకులు చెబుతారు కదా. పోలీసు పుట్టుకతో దొంగ అన్నాడు, పాస్టరు పుట్టుకతో పాపి అన్నాడు. తేడా ఏంటి?" ఈ ప్రశ్న మమ్మల్ని చాలాకాలం వేధించింది. మాకు దొరికిన జవాబు ఇది. పౌలు రోమీయులకు రాసిన పత్రికలో అందరూ తప్పిపోయారని అన్నప్పుడు ఆ 'అందరూ' అన్న మాటలో కలెక్టరు ఉన్నాడు, సెటిల్‌మెంట్ మేనేజరు ఉన్నాడు, హాజరు పిలిచిన జవాను ఉన్నాడు. చట్టం కొన్ని కులాలను మాత్రమే ఎంచి రాసింది. సువార్త ఎవరినీ మినహాయించలేదు. పైగా బాప్టిస్టుల్లో చాలామంది, మంచిచెడ్డలు తెలిసే వయసు రాని బిడ్డను దేవుడు దోషిగా లెక్కపెట్టడని నమ్ముతారు. అక్క ఈ జవాబుకు సగం మార్కులే వేసింది. మిగతా సగం ఇంకా బాకీ ఉంది.

బాప్తీస్మం అనే మాటకు మూలమైన గ్రీకు మాటకు ముంచడం అనే అర్థం. రోమా పత్రిక ఆరో అధ్యాయంలో దాన్ని పాతిపెట్టబడటంతో, తిరిగి లేవడంతో పోల్చారు. చిలకరిస్తే ఆ పోలిక కుదరదని మా వాదన. అయితే చరిత్ర తెలిసినవాళ్ళతో నిజం ఒప్పుకోవాలి. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జాన్ స్మిత్ అనే ఇంగ్లీషువాడు మొదలుపెట్టిన మొదటి బాప్టిస్టు సంఘంలో నీళ్ళు పోశారే గాని ముంచలేదు. ముంచే పద్ధతి ఇంగ్లండు బాప్టిస్టుల్లో 1641 ప్రాంతంలో స్థిరపడింది. కాబట్టి అసలు ముఖ్యమైనది నీళ్ళ లోతు కాదు. ఎవరు, ఎవరి ఇష్టంతో దిగుతున్నారన్నదే మొదటి నుంచీ ఉన్న సంగతి.

స్మిత్‌తో ఉన్న థామస్ హెల్విస్ ఇంగ్లండుకు తిరిగి వచ్చి 1612లో ఒక పుస్తకం తెచ్చాడు. రాజు కూడా మనిషేననీ, మనుషుల ఆత్మల మీద ఆయనకు అధికారం లేదనీ అందులో వాదించాడు. క్రైస్తవులకే కాదు, తురకలకు, యూదులకు, ఏ నమ్మకం లేనివాళ్ళకు కూడా ఆ స్వేచ్ఛ ఉండాలన్నాడు. ఆయన్ను న్యూగేట్ జైలులో పెట్టారు, కొద్ది సంవత్సరాల్లోనే చనిపోయాడు. 'యాత్రికుని ప్రయాణము' మన తెలుగు క్రైస్తవ ఇళ్ళలో చాలామంది ఎరిగిన పుస్తకం. అది రాసిన జాన్ బనియన్ అనుమతి లేకుండా ప్రసంగించినందుకు పన్నెండేళ్ళు బెడ్‌ఫర్డ్ జైలులో ఉన్నాడు. మా చిన్న తమ్ముడు దీన్ని గురించి ఒక మాట అంటాడు, నవ్వుకోవడానికే అనుకోండి: "జైలుకెళ్ళిన తాతలున్నది మన ఒక్కరికే కాదు, సంఘానికి కూడా ఉన్నారు."

అమెరికాలో రోజర్ విలియమ్స్ అని ఒకాయన ఉండేవాడు. ఆదివాసుల నేలను వాళ్ళ దగ్గర కొనకుండా రాజు పట్టా ఇస్తే చెల్లదన్నాడు. ఆ మాటకూ, మతం విషయంలో సర్కారు వేలు పెట్టకూడదన్న మాటకూ కలిపి ఆయన్ను ఊరి నుంచి వెళ్ళగొట్టారు. 1636లో నరగాన్సెట్ ఆదివాసుల దగ్గర నేల తీసుకుని ప్రావిడెన్స్ అనే ఊరు కట్టాడు. అక్కడే ఆ దేశంలో మొదటి బాప్టిస్టు సంఘం పుట్టింది. ఆయన మాత్రం అందులో కొద్ది నెలలే ఉన్నాడు, తర్వాత ఏ సంఘంలోనూ ఇమడలేదు. 1643లో ఆదివాసుల భాష గురించి ఒక పుస్తకం అచ్చు వేయించాడు. కుర్రు భాషను ఇంటి గడప దాటనివ్వకుండా పెంచబడిన మాకు ఆ సంగతి చదివినప్పుడు ఏదో దగ్గరితనం అనిపించింది. అట్లాగని బాప్టిస్టులంతా అదే దారిలో నడిచారని చెప్పలేం. 1845లో అమెరికా బాప్టిస్టులు బానిసల్ని ఉంచుకోవచ్చా కూడదా అన్న దగ్గర రెండుగా చీలారు. ఉంచుకోవచ్చు అన్నవాళ్ళు బైబిలు చేతిలో పట్టుకునే అన్నారు.

తెలుగు దేశానికి వచ్చిన మిషన్ ఉత్తరాది వాళ్ళది. సామ్యూల్ డే 1836లో వచ్చాడు, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళ తరబడి ఫలితం లేక, దీన్ని ఎత్తేద్దామా అని అమెరికాలో పదేపదే చర్చ జరిగింది. తర్వాత ఒంగోలులో జాన్ క్లౌ కాలంలో, యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దల వల్ల ఊళ్ళకు ఊళ్ళు కదిలాయి. ఆ కథ అందరికీ తెలుసు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తీస్మం ఇచ్చారు. ముంచింది తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని.

ఆ సంఖ్య గురించి మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. మాకు మాత్రం ఆ సంఖ్య కంటే దాని ముందు జరిగింది ముఖ్యం. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. పనికి వచ్చినవాళ్ళు మాకు బాప్తీస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారో దేవుని కోసం వచ్చారో తేలాలి అన్నాడు. పని ముగిసి, ఇక పెట్టేదేమీ లేదు అని తెలిసిన తర్వాత కూడా జనం వచ్చారు. అప్పుడే నీళ్ళలోకి దిగనిచ్చారు. "బియ్యానికి మారినవాళ్ళు" అని మమ్మల్ని ఎవరైనా అంటే మేము చెప్పే మొదటి మాట ఇదే. అందరి విషయంలో ఇలాగే జరిగిందని చెప్పం. మా ముందరివాళ్ళు నమ్మిన సిద్ధాంతానికి సరిగ్గా నిలబడిన సందర్భం ఇది అంటాం, అంతే.

నిలబడని సందర్భం కూడా చెప్పాలి. ఎరుకల వాళ్ళ సెటిల్‌మెంట్లు నడిపే పనిని మద్రాసు ప్రభుత్వం మిషన్లకు అప్పగించింది. స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీకి ఇచ్చారు. కావలిలో నడిపింది అమెరికన్ బాప్టిస్టు మిషన్. రాజుకు ఆత్మ మీద అధికారం లేదని చెప్పి జైలుకెళ్ళిన హెల్విస్ వారసులు, రాజు తరఫున హాజరు పట్టీ పట్టుకుని నిలబడ్డారు. బడులు పెట్టారు, పనులు నేర్పారు, జైళ్ళ కంటే మేలుగానే చూశామనుకున్నారు. కొంత నిజమే కావచ్చు. కానీ పాసు ఇచ్చే చెయ్యి, ప్రభురాత్రి భోజనం ఇచ్చే చెయ్యి ఒకటే అయినప్పుడు, "నేను నమ్ముతున్నాను" అన్న మాటను ఎవరు తూచగలరు? సెటిల్‌మెంటులో ఆదివారం ఆరాధనకు వెళ్ళేవాళ్ళను మంచి నడవడి గలవాళ్ళుగా చూసేవారని, అందుకే కొందరు వెళ్ళేవారని మా తాత చెప్పేవాడు. ఆయన అందుకే వెళ్ళలేదు. చట్టం పోయి, హాజరు పోయి, ఎవరూ అడగని రోజుల్లో, నడివయసు దాటాక వెళ్ళి బాప్తీస్మం అడిగాడు. "ఎందుకిన్నాళ్ళు ఆగావు తాతా?" అంటే, "గేటు తీశాక లోపలికి వెళ్ళడం వేరు అబ్బయ్యా" అన్నాడు. మేము చదివిన వేదాంత పుస్తకాలన్నిటి కంటే మాకు ఆ జవాబు ఎక్కువ పనికొచ్చింది.

అవ్వ సంగతి వేరు. ఆమె ఎరుక చెప్పేది. బుట్ట, బెత్తం, చెయ్యి పట్టి కళ్ళు మూసుకుని మాట్లాడటం. చుట్టుపక్కల ఊళ్ళలో ఆమె నోటి నుంచి వచ్చేది అమ్మవారి మాట. తాత బాప్తీస్మం తీసుకున్న తర్వాత ఆమె చాలా ఏళ్ళు తీసుకోలేదు. ఆయన బలవంతపెట్టలేదు, సంఘం కూడా తొందర చేయలేదు. ఒకే ఇంట్లో ఆయన ప్రార్థన, ఆమె బుట్ట రెండూ ఉండేవి. చివరికి ఆమె అడిగినప్పుడు సంఘ సమావేశంలో పెద్ద చర్చే జరిగింది. బుట్ట కాల్చి రావాలని కొందరన్నారు. అది నా అమ్మది, కాల్చను, ఇక వాడను, అంతే అంది అవ్వ. చేతులెత్తమన్నారు. ఎక్కువ చేతులు ఆమె వైపు లేచాయి. ఆ బుట్ట ఇప్పటికీ మా చిన్నమ్మ ఇంట్లో ఉల్లిపాయలకు వాడుతున్నారు.

అవ్వకు చదువు రాదు. కానీ మా బాప్టిస్టు సిద్ధాంతంలో మేము ప్రాణంగా చూసుకునే ఒక మాట ఆమె వల్లే అర్థమైంది. విశ్వాసులందరూ యాజకులే అన్నది. పేతురు మొదటి పత్రికలో ఉంది. దేవుడికీ మనిషికీ మధ్య క్రీస్తు తప్ప ఇంకొక మధ్యవర్తి లేడు. బిషప్పు లేడు, కాపరి కూడా సంఘం పిలుచుకున్న మనిషే. మా అవ్వ ఒక వారం ప్రసంగం విని వచ్చి, మనవరాలి చేత ఆ అధ్యాయం మళ్ళీ చదివించుకుని, "అయ్యగారు ఆ ముక్క చెప్పలేదే, ఎందుకు వదిలేశాడు?" అని అడిగేది. మరుసటి వారం ఆయన్నే అడిగేసేది. "ఇదివరకు నలుగురు నా దగ్గరికొచ్చి అమ్మ ఏమంటోందే అని అడిగేవాళ్ళు. ఇప్పుడు నేను ఇంకొకడి దగ్గరికెళ్ళి అయ్య ఏమంటున్నాడు అని అడగాలా?" అనేది. పెద్ద పెద్ద స్టేజీల మీద నుంచి దేవుడు నాతో చెప్పాడు అని అరిచే బోధకుల వెంట మా బంధువులు బస్సులెక్కి పోతుంటే మాకు అవ్వ గుర్తొస్తుంది. ఎరుక చెప్పడం మానేసింది ఎరుకల అవ్వ. మొదలుపెట్టింది వాళ్ళు.

సంఘం తన పని తానే చూసుకోవడం అనే పద్ధతి గురించి మా బంధువులు చెప్పేది అబద్ధం కాదు. ఓట్లు ఉన్నచోట వర్గాలు ఉంటాయి. ఆస్తులున్నచోట కోర్టు కేసులున్నాయి. కులం గుమ్మం బయట చెప్పులతో పాటు ఆగదు. సంఖ్యలో పెద్ద కులం డీకన్ల ఎన్నికలో ఏం చేస్తుందో, నాలుగు గడపల ఎరుకల వాళ్ళం మాకు బాగా తెలుసు. పెళ్ళి సంబంధాల దగ్గరికొస్తే ఒక్క ప్రభువు, ఒక్క విశ్వాసం అన్న మాట ఎవరికీ గుర్తుండదు. అయినా ఆ మీటింగులో అవ్వ చెయ్యి ఒక ఓటు, గెజిటెడ్ ఆఫీసరు చెయ్యి ఒక ఓటు. ఆఫీసరు గారి అబ్బాయి బాప్తీస్మానికి వచ్చి సాక్ష్యం చెప్పినప్పుడు, ఆ సాక్ష్యం విని చెయ్యి ఎత్తినవాళ్ళలో పోలీసు రిజిస్టరులో పుట్టిన మా తాత కూడా ఉన్నాడు. ఆ ఊళ్ళో ఇంకెక్కడా ఆయన అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఇంకొకటి. మా పేటలో జరిగే ఇంటి ప్రార్థనల్లో ముసలివాళ్ళు కుర్రు భాషలో ప్రార్థన చేస్తామన్నారు. పై నుంచి ఉత్తర్వు తెచ్చుకోవాల్సిన పని లేకపోయింది. సంఘంలో మాట పెట్టాం, సరే అన్నారు, మొదలుపెట్టాం. తెలుగులో రెండు నిమిషాల్లో ముగించే పెద్దనాయన కుర్రులో అరగంట ఆపడు. భోజనాలు చల్లారిపోతాయని ఆడవాళ్ళు విసుక్కుంటారు.

మొదటి వైపు నుంచి వచ్చే ప్రశ్నకు ఇప్పుడు వస్తాం, ఎందుకంటే ఈ మధ్య అది ప్రశ్నగా ఆగడం లేదు. మతం మారిన గిరిజనుల్ని షెడ్యూల్డు తెగల జాబితా నుంచి తీసేయాలని కొందరు అడుగుతున్నారు. మా అన్న కూతురి సర్టిఫికెట్ కోసం వెళ్తే ఒక ఆఫీసులో, "మీరు చర్చికి వెళ్తారు కదా, ఎస్టీ ఎలా అవుతారు?" అన్నారు. చట్టం ఏం చెబుతుందో చెప్పి తెచ్చుకున్నాం. షెడ్యూల్డు కులాల 1950 నాటి ఉత్తర్వులో మతం షరతు ఉంది. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో అది లేదు. తెగ పుట్టుకతో, భాషతో, బతుకుతో వచ్చింది. విశ్వాసం నోటితో చెప్పింది. ఈ రెండింటినీ కలపకూడదని రాజ్యాంగం ఇటు చెబుతోంది, మా బాప్టిస్టు పెద్దలు అటు నుంచి నాలుగు వందల ఏళ్ళుగా చెబుతున్నారు. నాగాలాండులో ఎక్కువమంది బాప్టిస్టులే, వాళ్ళు నాగాలు కాకుండా పోలేదు. కొల్లాపురమ్మను కొలిచే మా మేనమామ కొడుకుల మీద కూడా రేపు ఇంకెవరైనా ఒత్తిడి తెస్తే మేము వాళ్ళ పక్కన నిలబడాలి. హెల్విస్ చెప్పిన స్వేచ్ఛ మాకు మాత్రమే ఉంటే అది హెల్విస్ చెప్పిన స్వేచ్ఛ కాదు. స్టూవర్టుపురంలో ఉన్న మా మేనత్త వాళ్ళు సాల్వేషన్ ఆర్మీలో ఉన్నారు. వాళ్ళకు నీటి బాప్తీస్మమే లేదు, ప్రభురాత్రి భోజనమూ లేదు. పండక్కి కలిసినప్పుడు దీని మీద గంటల తరబడి వాదించుకుంటాం, తర్వాత ఒకే కంచం చుట్టూ కూర్చుంటాం.

ఈ సిద్ధాంతానికి మా ఇంట్లో కట్టే ధర కూడా రాయాలి. మా తమ్ముడి కొడుక్కి పద్దెనిమిది నిండాయి. ప్రతి ఆదివారం కీబోర్డు వాయిస్తాడు, సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పుతాడు. బాప్తీస్మం మాత్రం అడగలేదు. ప్రభురాత్రి భోజనం పళ్ళెం వచ్చినప్పుడు పక్కవాళ్ళకు అందించేసి కూర్చుంటాడు. అది చూస్తే మా వదినకు కడుపులో దేవినట్టవుతుంది. "చిన్నప్పుడే నీళ్ళు చల్లించి ఉంటే ఈ బాధ ఉండేది కాదు" అని ఒకసారి అననే అంది. పెద్దనాయన వాణ్ణి కూర్చోబెట్టి గట్టిగా చెబుతానన్నాడు. మేము వద్దన్నాం. వాడితో మాట్లాడాం, అడిగినదానికి తెలిసినంత జవాబు చెప్పాం. వాడి ప్రశ్నలు కొన్ని మా పెద్దక్క ప్రశ్నల కంటే గట్టివి. వచ్చే నెల మొదటి ఆదివారం బాప్తీస్మాలు ఉన్నాయి. కాపరి గారు పేర్లు రాసుకుంటున్నారు. ఇప్పటికి ఆరుగురు ఇచ్చారు. ఆ రోజు కూడా కీబోర్డు వాడే వాయిస్తానన్నాడు.